ఈసాకయ్య వేషం

“మనిషికి మనిషి సొత్తు కాడు!”

గుండెల మీద చెయ్యి వేసుకుని, బడి రేకుల కప్పు గింగురుమనేలా పలికాడు శ్రీమన్నారాయణ. ఆ ఊపులోనే వాకిలి వైపు తిరిగి, “ఒరేయ్ హులిగా, మంచినీళ్లు!” అన్నాడు.

సామ్రాజ్యం టీచరు చేతిలో పుస్తకం పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది. బయట బండి దగ్గర ఎద్దులకు గడ్డి వేస్తున్న హులిగప్ప పరుగున వచ్చాడు. చెంబు అంచును భుజం మీది తువాలుతో తుడిచి, నడుం వంచి రెండు చేతులతో అందించాడు. శ్రీమన్నారాయణ గటగటా తాగి, చెంబును చూడకుండానే వెనక్కి చాపాడు. కింద పడకముందే హులిగప్ప పట్టుకున్నాడు. అలా పట్టుకోవడం వాడికి అలవాటే.

“మళ్లీ అందుకుందాం టీచరమ్మగారూ. ఎక్కడున్నాం? మనిషికి మనిషి...”

“సొత్తు కాడు,” అంది సామ్రాజ్యం నీరసంగా.

మిషను బడి పెట్టి పాతికేళ్లయిన పండుగకు ఒక నాటకం వేయిద్దామని బుద్ధి పుట్టింది ఆమెకే. బళ్లారి నుంచి తన దేశానికి వెళ్లిపోతూ మిషను దొరసాని ఇచ్చిన పెట్టెలో ఒక పలుచని పుస్తకం దొరికింది. రెండు వందల ఏళ్ల కిందట అమెరికాలో ఉన్న, క్వేకరు అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతు కథ అది. పేరు ఐజాకు. పిల్లల నోళ్లలో పడి రెండు రోజుల్లోనే ఈసాకయ్య అయిపోయాడు. ఆయనకు రాహేలు అని పెళ్లాం, ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ల మతంలో పాటల్లేవు, ప్రసంగాల్లేవు. ఆదివారం అందరూ కూడి ఊరికే మౌనంగా కూర్చుంటారు. ఎవరి మనసు కదిలితే వాళ్లు లేచి మాట్లాడతారు. తండ్రి పోయాక ఈసాకయ్యకు పొలంతో పాటు సైమను అనే బానిస కూడా వచ్చాడు. ఒక ఆదివారం ఆ మౌనంలో కూర్చుని ఉండగా ఆయన మనసు కదిలింది. బానిసలు పండించిన చక్కెర ఇంట్లోకి రాకూడదంది భార్య. పిల్లలు ఏడ్చారు. చివరికి ఈసాకయ్య సైమనును వదిలిపెట్టాడు.

చదువుతుంటే సామ్రాజ్యానికి కళ్లు చెమర్చాయి. ఈసాకయ్య వేషం ఎవరికివ్వాలనే మాట మాత్రం ఆమె చేతిలో లేదు. సిరిగేరి పక్కన కృష్ణాజిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు మొత్తానికి హార్మోనియం ఉన్న ఇల్లు ఒక్కటే. కాలవ నీళ్లు వచ్చాక ముప్పై ఎకరాలు కొనుక్కుని వచ్చిన శ్రీమన్నారాయణది ఆ ఇల్లు. కృష్ణా వైపు ఊళ్లలో ముప్పై ఏళ్లు పద్యనాటకాలాడిన మనిషి. పైగా బడికి రేకులు వేయించిందీ ఆయనే.

ఇలాంటి మనిషికి క్వేకరు వేషం కట్టడమంటే కోడిపుంజు చేత తపస్సు చేయించడమే. వాళ్లు ముతక బూడిదరంగు బట్టలు తప్ప కట్టరంటే, “కాలరుకు కాస్త జరీ అయినా లేకపోతే జనం నన్ను పాలేరనుకుంటారండీ,” అని మొత్తుకున్నాడు. సామ్రాజ్యం భర్త సామ్యేలు దర్జీ. కోటు కుట్టేదీ, గడ్డం లేని ముఖం గనుక రాహేలు వేషం వేసేదీ అతనే. లోపలి మడతలో ఎవరికీ కనబడకుండా జానెడు జరీ కుట్టి ఆయన్ను ఒప్పించాడు. పద్యాలు వద్దంటే రెండు రోజులు అలిగాడు శ్రీమన్నారాయణ. అన్నిటికన్నా కష్టం మౌనంతోనే వచ్చింది.

“ఎంతసేపండీ?”

“పుస్తకంలో గంటసేపని ఉండాదండీ. మనం ఒక్క నిమిషం చేద్దాం.”

“నిమిషమే! స్టేజీ ఎక్కి నిమిషం సేపు నోరు మూసుకున్నవాణ్ణి మా వైపు మళ్లీ పిలవరమ్మా!”

మనసులో పది లెక్కపెట్టేలా బేరం కుదిరింది. నాలుగు రాకముందే ఆయన గొంతు సవరించుకునేవాడు.

సైమను వేషం కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. బానిస వేషమనగానే ముగ్గురు జారుకున్నారు. అప్పుడు శ్రీమన్నారాయణే ధారాళంగా అన్నాడు. “మా హులిగాడున్నాడుగా. ఆ వేషానికి మాటలు కూడా లేవాయె.”

ఆ మాట సామ్రాజ్యానికి ముల్లులా దిగింది. ఆయన ముఖంలో మాత్రం ఇసుమంత ఎగతాళీ లేదు. చందా ఇస్తున్నంత మంచి మనసుతో అన్నాడు.

రిహార్సలు అయ్యాక హులిగప్ప బల్లలు సర్దుతుంటే ఆమె దగ్గరికి వెళ్లింది.

“బిడ్డను చూసినావా హులిగప్పా?”

“యాడ టీచరమ్మా!” వాడు బల్ల దించి నిలబడ్డాడు. “మూడు నెల్లాయె పుట్టి. నాట్లు కానీ రా అనె, అయిపాయె. కలుపు కానీ అనె, అదీ అయిపాయె. ఇప్పుడు కోతలు కానీ అంటాండాడు. మా దణి మంచోడే. కొట్టడు, కడుపుకు తక్కువ చేయడు. మరిచిపోతాడు, అంతే.”

“నీ పెండ్లాం యల్లమ్మ ఏమంటాది?”

“తెక్కలకోటలో వాళ్లమ్మ ఇంట్లోనే ఉంటాదంట. రాత్రి పూటన్నా ఇంటికి రాని మొగుడికి నేను ఇల్లు ఊడ్చేదేంది అని చెప్పి పంపింది.” వాడికి నవ్వొచ్చింది. “ఆమె చెప్పింది హౌదు గదా, నిజమే గదా. నేను పండుకునేది కొట్టంలో ఎద్దుల పక్కన.”

“బిడ్డది ఎవరి పోలికంట?”

“ఒకరు ముక్కు నాదంటారు. ఒకరు వాళ్లమ్మదంటారు. నేను చూస్తే గదా తెలిసేది.”

వాడి నాయన కరువు ఏడు సిరిగేరి ఆసామి దగ్గర అప్పు కింద జీతానికి కట్టుబడ్డాడు. నాయన పోతే ఆ చోట కొడుకు నిలబడ్డాడు. ఆసామి పొలం శ్రీమన్నారాయణకు అమ్మితే పొలంతో ఎద్దులు, ఎద్దులతో హులిగప్ప క్యాంపుకు వచ్చేశారు. పన్నెండు మైళ్ల అవతలున్న తన బిడ్డ ముక్కు చూడటానికి వాడికి ఒక పూట లేదు. పుస్తకంలో ఏ ఊళ్లోనో ఉన్న సైమను కోసం ఏడ్చిన తను, కళ్లెదుట ఉన్నవాడి గురించి నోరు తెరవడం లేదని సామ్రాజ్యానికి సిగ్గేసింది. నెత్తి మీద రేకులు శ్రీమన్నారాయణవి. ఆయనకు కోపం వస్తే బడి వానలో తడుస్తుంది.

ఇంటికి వచ్చి మొగుడితో చెప్పుకుంది. సామ్యేలు కుట్టుమిషను తొక్కడం ఆపలేదు.

“నువ్వు చెప్పాల్సింది ఈసాకయ్య చేత చెప్పిస్తాండావు.”

“నాటకం చూసి ఆయనే తెలుసుకుంటాడులే.”

“ఆడేటోడు నాటకం ఎప్పుడన్నా చూసినాడా, పిచ్చిదానా?” అని దారం కొరికాడు సామ్యేలు.

నాటకంలో ఇంకొక చిక్కు మిగిలింది. పుస్తకంలో ఈసాకయ్య కాగితం రాసిచ్చి సైమనును విడిపిస్తాడు. కాగితం చూపిస్తే సిరిగేరిలో ఎవరికి అర్థమవుతుంది? రిజిస్ట్రాఫీసు సీను అనుకుంటారు. ఈ ఊళ్లో జీతగాణ్ణి ఎట్లా వదులుతారో కనుక్కుని అట్లాగే చేయిద్దామని సామ్రాజ్యం ఊరి పెద్ద బసప్ప దగ్గరికి వెళ్లింది. ఆయన అరుగు మీద గోగునార తాడు పేనుతున్నాడు. చేతులు ఆపకుండానే చెప్పాడు.

“ఊరి ముందర చేయాలమ్మా. పెద్దమనుషులు అయిదుగురు ఉండాల. దణి తన చేత్తో జీతగాడి బుజం మీది కంబళి తీసి, మడిచి, నేల మీద పెట్టాల. చేతిలో ఆకువక్క పెట్టి, పేరు పెట్టి పిలిచి, ‘నీ దోవ నీది’ అనాల. అంతే, ఆయ్తు. ఆ పైన బ్రహ్మదేవుడు దిగి వచ్చినా తిరగదు.”

ఆమె నోటుపుస్తకంలో అంతా పొల్లుపోకుండా రాసుకుంది. బసప్ప పేనిన తాడును కాలివేళ్ల మధ్య బిగించి అడిగాడు. “నాటకం ఎప్పుడమ్మా?”

“ఆదివారం నాలుగు గంటలకు.”

“వస్తా. నాతో పాటు ఇంకో నలుగురిని పిల్చుకొని వస్తా.”

బడి మీద ఎంత అభిమానమో అనుకుంటూ ఆమె సంతోషంగా ఇంటికి వచ్చింది.

*

ఆదివారం నాడు రెండు బండ్లు పక్కపక్కన పెట్టి పలకలు పరిచారు. వెనక సామ్యేలు దుప్పట్లు కలిపి కుట్టిన తెర. ఎండపూట నాటకమేమిటి, ముఖానికి వేసుకున్న రంగు కాస్తా కారిపోతుందని శ్రీమన్నారాయణ విసుక్కుంటూనే బళ్లారి కౌల్ బజార్ నుంచి తెప్పించిన టోపీ పెట్టుకున్నాడు. ముందు వరుసలో ఆయన భార్య నాంచారమ్మ, క్యాంపు ఆడవాళ్లు. ఇంకో పక్క బసప్ప, మరో నలుగురు తలపాగాలు చుట్టుకుని వరుసగా కూర్చున్నారు. నాటకం చూడటానికి వచ్చినవాళ్లలా కాకుండా పెళ్లి మాటలకు వచ్చినవాళ్లలా ఉన్నారు.

చక్కెర సీను బ్రహ్మాండంగా పండింది. చక్కెరకు బదులు పళ్లెంలో పెట్టిన బెల్లాన్ని, రాహేలు వేషంలో సామ్యేలు చీర కొంగు సర్దుకుంటూ, “ఇది మన ఇంట్లోకి రాకూడదు!” అని తీసేయబోయాడు. ముగ్గురు కూతుళ్ల వేషాలు వేసిన పిల్లలు అప్పటికే పళ్లెం ఖాళీ చేసి మూతులు తుడుచుకుంటున్నారు. జనం ఒకటే నవ్వు. సామ్యేలు ఖాళీ పళ్లేన్నే గంభీరంగా తీసుకుపోయాడు.

తర్వాత మౌనం. ఈసాకయ్య కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. హులిగప్ప వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రిహార్సళ్లలో వాడి భుజం మీద తువాలే ఉండేది. ఇవాళ కంబళి కావాలని సామ్రాజ్యం చెబితే తన కంబళే వేసుకొచ్చాడు. అంచులు ఊడి, నడిమధ్య మూడు నాలుగు చోట్ల వెలుతురు కనిపిస్తోంది.

తెర వెనక సామ్రాజ్యం వేళ్ల మీద లెక్కపెడుతోంది. నాలుగు లెక్కయింది. శ్రీమన్నారాయణ గొంతు సవరించలేదు. పది దాటింది. “మనిషికి మనిషి...” అని ఆమె అందించింది. ఆయన కదల్లేదు. ఇరవై. మాట మరిచిపోయాడనుకుని రాహేలు కుర్చీ వెనక నుంచి గట్టిగా గిల్లింది. దానికీ కదల్లేదు. ఆయన చూపు కంబళి మీద ఉంది. జనంలో చంటిపిల్ల ఎవరో ఏడిస్తే తల్లి నోరు మూసింది.

శ్రీమన్నారాయణ లేచాడు. వారం రోజులు బట్టీపట్టిన పలుకుల్లో ఒక్కటీ పలకలేదు. హులిగప్ప దగ్గరికి వెళ్లి రెండు చేతులతో కంబళి ఎత్తాడు. మడుస్తుంటే అందులోంచి గడ్డిపరకలు, ఎండిన పేడ పెళ్లలు ఆయన కొత్త కోటు మీద రాలాయి. దులుపుకోలేదు. కంబళిని కింద పెట్టి, ఆకువక్క తీసి వాడి చేతిలో పెట్టాడు.

“హులిగప్పా,” అన్నాడు. నాటకం ప్రకారం ‘సైమనూ’ అనాలి. పైగా అది స్టేజీ గొంతు కాదు. “నీ దోవ నీది.”

హులిగప్ప ఆకులను చూస్తూ ఉండిపోయాడు. వేషానికి మాటల్లేవని ముందే చెప్పారు గనుక ఏమీ అనలేదు. ముందు వరుసలో నాంచారమ్మ ముక్కు చీదింది.

“వన్స్ మోర్!”

క్యాంపు కుర్రాళ్లు ఈలలు వేశారు. వాళ్ల వైపు నాటకంలో మనసు కదిలితే మళ్లీ చేయించుకోకుండా వదలరు. “వన్స్ మోర్! వన్స్ మోర్!” ముప్పై ఏళ్లలో ఆ పిలుపు కాదన్న పాపాన శ్రీమన్నారాయణ ఎన్నడూ పోలేదు. అలవాటు చొప్పున కళ్లు తుడుచుకుని, జనానికి దండం పెట్టి, వంగి కంబళి తీశాడు. మొదటి నుంచి చేయాలంటే దాన్ని మళ్లీ వాడి భుజం మీద వేయాలి కదా. వేయబోయాడు.

“వద్దప్పా!”

బసప్ప లేచి నిలబడ్డాడు. “ఒకసారి తీసినాక మళ్లీ కప్పకూడదు.”

శ్రీమన్నారాయణ చేతులు గాలిలో ఆగిపోయాయి. “నాటకమయ్యా బసప్పా!”

“నాటకమే, హౌదప్పా. బలే ఆడినావు. మేం అయిదుగురం చూసినాం.”

ఊరివాళ్లు గొల్లుమన్నారు. శ్రీమన్నారాయణ కూడా పెద్దగా నవ్వేశాడు. అంత నవ్వు మధ్య నాటకం ఎటూ కాకుండా ముగిసింది. సామ్యేలు చీరలోనే ముగింపు ప్రార్థన చేశాడు.

జనం చెదిరిపోయాక హులిగప్ప పలకలు మోసి, బండ్లు విడదీసి, ఎద్దులు కట్టాడు. శ్రీమన్నారాయణ ఎక్కి కూర్చున్నాడు. హులిగప్ప ముందు కూర్చుని “హేయ్” అన్నాడు. బండి క్యాంపు వైపు వెళ్లిపోయింది. రోజూ వెళ్లినట్టే వెళ్లింది.

“చూసినావా?” అన్నాడు సామ్యేలు, చెవులకు పెట్టుకున్న దుద్దులు తీస్తూ.

సామ్రాజ్యం తెర విప్పి మడవసాగింది. తప్పు ఈసాకయ్యది కాదు, శ్రీమన్నారాయణది కూడా పూర్తిగా కాదు. రెండు వందల ఏళ్ల కిందటివాణ్ణి అడ్డం పెట్టుకుని దాక్కున్నది తనే. బడి తడిస్తే తడవనీ, రేపు పొద్దున్నే వెళ్లి ముఖాన చెప్పేస్తాననుకుంది. అనుకున్నాక ఆకలేసింది. కూర్చుని కడుపునిండా తింది.

*

సోమవారం తెల్లవారగానే మొగుణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరింది. కాలవ గట్టు మీద మైలు దూరం నడుస్తూ చెప్పాల్సిందంతా వల్లె వేసుకుంది. మొదట రేకులకు కృతజ్ఞత. తర్వాత బిడ్డ సంగతి. తర్వాత, ఇక అసలు మాట. సామ్యేలు ప్రతివాది వకీలులా మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు.

వాకిట్లో నాంచారమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని విరగబడి నవ్వుతోంది.

“రండి టీచరమ్మగారూ, సమయానికొచ్చారు. మా ఆయన పొద్దున్నే రెండో నాటకం మొదలెట్టారు. దొడ్లోకి పదండి.”

దొడ్లో శ్రీమన్నారాయణ పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, కాడి భుజాన వేసుకుని, ఒక ఎద్దు చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు. మోచేతుల దాకా పేడ. ఆయన కాడి దించబోయినప్పుడల్లా ఎద్దు సరిగ్గా ఒక్క అడుగు పక్కకు జరుగుతోంది. రెండోది అప్పటికే కుడితి తొట్టి దగ్గరికి వెళ్లి తన పని చూసుకుంటోంది. గోడ పక్కన హులిగప్ప చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయపడదామని వేళ్లు కదులుతున్నాయి, మళ్లీ అణుచుకుంటున్నాడు.

“తాకొద్దన్నాడు టీచరమ్మా,” అన్నాడు బిక్కముఖంతో. “ఎప్పట్లాగా పేడ తీసేదానికి వస్తే తట్ట పెరుక్కున్నాడు.”

“శ్రీమన్నారాయణగారూ,” అంది సామ్రాజ్యం. “నేను మీతో ఒక మాట చెప్పాల.”

“మీరుండండమ్మా, ముందు నన్ను చెప్పనివ్వండి.” ఆయన కాడి దించి దాని మీదే కూలబడ్డాడు. “ముప్పై ఏళ్లు వేషాలు కట్టాను. కృష్ణుడు కట్టాను, కర్ణుడు కట్టాను. ముఖం కడుక్కుంటే పోయేవాళ్లు. ఈ ఈసాకయ్య పోవట్లేదండీ. ఆ కంబళిలోంచి రాలిన పేడ ఎవరిది? మా కొట్టంలోదేగా? నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నానే, ఆ చిరుగులు ఒక్కనాడు కనబడితేనా! అదీ పోనీండి. వన్స్ మోర్ అనగానే సిగ్గులేకుండా మళ్లీ కప్పబోయాను చూశారూ, అదీ నన్ను చంపింది. బసప్ప ఆపకపోతే చప్పట్ల కోసం కప్పేసేవాణ్ణి.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తుడుచుకోబోయి ముఖం నిండా పేడ పూసుకున్నాడు. నాంచారమ్మ మళ్లీ నవ్వింది. ఈసారి ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

సామ్రాజ్యానికి వల్లె వేసిన మాటలన్నీ వృథా అయ్యాయి. అంత ధైర్యం కూడగట్టుకుని వచ్చింది కదా, ఒక్క ముక్కయినా చెప్పనివ్వలేదే అని కొంచెం ఉక్రోషం, పట్టరానంత సంతోషం రెండూ కలిసి వచ్చాయి. “ఇది నేను ముందే చెప్పాల్సిన మాటండీ. మీ రేకులకు భయపడి చెప్పలే,” అంది.

“బాగుంది! రేకులు బడివి గానీ నావా?” అంటూ ఆయన లేచి మళ్లీ కాడి ఎత్తాడు. ఎద్దు మళ్లీ జరిగి, ఈసారి ఆయన కాలు తొక్కింది. ఆయన కెవ్వుమన్నాడు.

హులిగప్ప ఇక ఆపుకోలేకపోయాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. దణి ముందు వాడు అలా నవ్వడం ఎవరూ చూడలేదు. “ఎలపటెద్దును తీసుకపోయి దాపట కడితే అది యాడ నిలుస్తాదప్పా! పుట్టినప్పటి నుంచి దానికి కుడిపక్కే గదా!”

“ఆ సంగతి ఎద్దుకు తెలిసింది, నాకు తెలీలేదు,” అన్నాడు శ్రీమన్నారాయణ కుంటుతూ. తర్వాత జంకుతూ అడిగాడు. “చూడు హులిగప్పా. నీకిష్టమైతే కూలికి రా. పొద్దెక్కాక వచ్చి పొద్దు గూకకముందే మీ ఇంటికి పో. ఇష్టం లేదా, ఇంకెవరి దగ్గరికైనా పో. ఇవాళ మాత్రం ఈ ఒక్క పూట వీటిని కట్టి పెడతావా?”

హులిగప్ప ఎద్దులను చూశాడు. ఆయన పేడముఖం చూశాడు. వాడు తలూపి కాడి అందుకుంటాడనే అందరూ అనుకున్నారు.

“ఇయ్యాల కుదరదప్పా,” అన్నాడు. “నాకు పని ఉండాది.”

ఆ మాట వాడికే కొత్తగా వినిపించినట్టుంది. “తెక్కలకోటకు పోవాల. రేపు కాదు, ఎల్లుండి వస్తా. కూలికే వస్తా.”

శ్రీమన్నారాయణ తల పంకించాడు. “అట్లాగే. అట్లాగేనయ్యా. పోనీ, బండి కట్టుకుపో. తల్లినీ బిడ్డనూ ఎక్కించుకొస్తావు.”

“వచ్చేటప్పుడు మా అత్త కట్టిస్తాదిలే బండి. ఇప్పుడు నడిచే పోతా.”

“పన్నెండు మైళ్లు!” అంది నాంచారమ్మ. లోపలికి వెళ్లి, మెత్తగా నలిగిన పాత నేతచీర ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. “పొత్తిగుడ్డలకు. బండి ఉండగా నడుస్తాడట, చోద్యం కాకపోతే.”

హులిగప్ప చీరను చంకన పెట్టుకుని సిగ్గుగా నవ్వాడు. “బండి మీద పోతే ఎవరూ ఆపరమ్మా. నడిచి పోతాంటే దోవ పొడుగునా అందరూ అడుగుతారు గదా, యాడికి పోతాండావురా అని.”

వాడు దొడ్డి దాటి కాలవ గట్టెక్కాడు. నలుగురూ గడప దాకా వచ్చి చూస్తూ నిలబడ్డారు. మొదటి మడి దగ్గరే నీళ్లు కడుతున్నాయన ఎవరో పార ఆపి కేకేశాడు. హులిగప్ప నిలబడ్డాడు. చుట్టూ ఉన్న మళ్లన్నిటికీ వినపడేంత గట్టిగా జవాబు చెప్పాడు.

“నా బిడ్డను చూసేదానికప్పా!”